పై మూడడుగుల మట్టి

తప్పు చేసినవాడు నలుగురినీ నవ్విస్తే తప్పించుకోవచ్చునని యాభై రెండేళ్ళు నమ్మినవాణ్ణి నేను. పేరు చిదంబరం. భూమిలో ఏముందో తవ్వకుండా చెప్పడం నా ఉద్యోగం. మా ఆఫీసులో నన్ను ‘రహస్యం గారూ’ అని పిలిచేవాళ్ళు. నా కడుపులో మాట దాగదని వాళ్ళ ఎత్తిపొడుపు. ఎంత బాగా దాగుతుందో దివిసీమలో తేలింది.

మేం వెతుకుతున్నది ఒక రేవు. రెండు వేల ఏళ్ళ కిందట రోము నుంచి వచ్చిన ఓడలు సరుకు దించి, సరుకు ఎక్కించుకున్న రేవు. అప్పట్లో సముద్రం ఒడ్డునే ఉండేది. తర్వాత కృష్ణమ్మ ఏటేటా ఒండ్రు తెచ్చి పోసి, సముద్రాన్ని నాలుగు మైళ్ళు వెనక్కి నెట్టింది. ఇప్పుడది రొయ్యల చెరువుల కింద పడుకుని ఉంది. నాకు రోము పేరు వింటేనే రోమాలు నిక్కబొడుచుకునే జబ్బు. ఇరవై ఏళ్ళు ఆ జబ్బుతోనే జీతం తీసుకున్నాను.

మా పరికరానికి కాగితాల మీద బారెడు పేరుంది. మేం దాన్ని మంచం అనేవాళ్ళం. వెదురు చట్రం, దాని మీద నులక అల్లినట్టు రాగితీగ, నాలుగు మూలల్లో మోసేందుకు నలుగురు. పొద్దున ఆరింటికల్లా అందరం మంచం పట్టేవాళ్ళం. లోకంలో మంచం పట్టి కూడా ఆరోగ్యంగా తిరిగింది మేమే. ఒంటిమీద ఇనుము మాత్రం ఉండకూడదు. బెల్టు బకిలు, తాళంచెవి, చివరికి జాకెట్టుకి పెట్టుకున్న పిన్నీసు ఉన్నా సరే, మంచం అలుగుతుంది. నేల మీద గడులు గీసి మూలల్లో పాతే మేకులు కూడా వెదురువే.

ఆ నేల నాగిడి సామ్రాజ్యానిది. అరవై ఏడేళ్ళ మనిషి. పంట తీసి ఎండగట్టిన చెరువు, దాని చుట్టూ ఉన్న చవిటి నేల మాకు ఇవ్వాలా వద్దా తేల్చుకోవడానికి మొదటిరోజు వచ్చింది. చేపల తట్ట పక్కన పెట్టి, మా షామియానా కింద గొంతుక్కూర్చుంది.

నా సహాయకురాలు నస్రీన్ గాజుతొట్టిలో చెరువు ఒండ్రు కలిపి ముందురోజే తేర్చి ఉంచింది. అందులో వేలితో ఒక గీత గీసి, దాని మీద మళ్ళీ ఒండ్రునీళ్ళు పోసి తేరనిచ్చింది. గీత పైకి కనపడదు. తొట్టి మీద చిన్న మంచం ఒకటి పెట్టి మీట నొక్కితే, తెర మీద గీత వచ్చింది. వేలి ముద్రతో సహా.

“ఒండ్రులో ఒక్కొక్క రేణువూ ఒక్కొక్క దిక్సూచండీ,” అంది నస్రీన్. “నీళ్ళలోంచి దిగేటప్పుడు బుద్ధిగా ఉత్తరం చూస్తూ పడుకుంటాయి. కాలో చెయ్యో తగిలితే చెదిరి పడుకుంటాయి. ఈ మంచం వాటిని ఒక్కసారి వణికిస్తుంది. ఆ వణుకులో ఎవరెలా పడుకున్నారో చెప్పేస్తాయి.”

“ఇంకోసారి సూపియ్యి,” అంది సామ్రాజ్యం.

నస్రీన్ మళ్ళీ మీట నొక్కింది. తెర ఖాళీ.

“ఒక్కసారేనండీ. వణికాక మళ్ళీ అన్నీ ఉత్తరం తిరిగి పడుకుంటాయి. చదివితే చెరిగిపోతుంది.”

“పలకలాగానా?”

“తడిగుడ్డతో చదివే పలక,” అన్నాను నేను. నా మాటకి నేనే నవ్వాను.

ఆమె నవ్వలేదు. తెర వంకే చూస్తూ అడిగింది: “ఉప్పెన నాటి అడుగులు కూడా ఉంటయ్యా సారూ?”

డెబ్బై ఏడు ఉప్పెన. అప్పుడు ఆమెకి తొమ్మిదేళ్ళు. ఊరు అప్పట్లో ఇక్కడే, ఈ చవిట్లోనే ఉండేది. గాలి మొదలయ్యాక తల్లి మూడేళ్ళ బుల్లోణ్ణి ఆమె చేతికిచ్చి, కట్టమీదుగా బడికి పరిగెత్తమంది. తను మేకల్ని విప్పి వెనకాలే వస్తానంది. కట్ట మధ్యలో బుల్లోడి చెయ్యి జారింది. వెనక్కి చూస్తే వాన తప్ప ఏమీ కనపడలేదు. ఆమె బడికి చేరింది. బడి కప్పు మీద పొద్దున దాకా బతికింది. తల్లీ తమ్ముడూ దొరకలేదు.

“జారిందో, నేనే వొదిలేశానో నాకు తెల్దు సారూ. మా మేనత్త వొదిలేశావనే అంటది. మా నాన్న మాత్రం ఏమీ అనలా. అనకుండానే సచ్చిపోయాడు.” తట్ట మీద గుడ్డ సర్దింది. “మాయమ్మ ఎనకమాలే వచ్చిందిగా. ఆ కట్ట మీద దాని అడుగులుంటయ్. బుల్లోడి అడుగులు దాని అడుగుల పక్కకి వచ్చినయ్యో లేదో సూసి సెప్పు. దొరికాడా లేదా. అంతే. నేల ఊరికినే వాడుకో.”

ఉప్పెన తెచ్చి పరిచిన ఒండ్రు అక్కడ సరిగ్గా మూడడుగుల మందం. దాని కింద ఆ సాయంత్రపు బురద చెక్కుచెదరకుండా ఉంటుంది. నా శాస్త్రమంతా అది ఉంటుందనే చెబుతోంది.

“అలాగే అక్కా. ముందు మీదే చూస్తాను,” అని ఆమె చేతిలో చెయ్యి వేశాను.

ఇక్కడ మా పనిలోని మర్మం ఒకటి చెప్పాలి. కింద పొర వినపడాలంటే పై పొర నోరు మూయించాలి. దానికి రెండు దారులు. ఒకటి, చదివి తుడవడం: గడికి నాలుగు గంటలు. రెండోది, చదవకుండా తుడవడం: గడికి పది నిమిషాలు. దీన్ని మేం తుడుపు అంటాం. నూరేళ్ళలోపు మట్టికి మా పద్ధతుల పుస్తకంలో ‘చెత్త పొర’ అని పేరు. ఆ పుస్తకం రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. ఆ పేరు పెట్టింది కూడా నేనే. కాబట్టి మొదటిరోజు నుంచీ ప్రతి గడిలోనూ చెత్త పొర తుడిచిపారేసి, కిందికి దిగిపోయాం. సామ్రాజ్యం కట్ట ఉన్న మూడు గడులు మాత్రం చివరికి అట్టే పెట్టాం. ముందు చూస్తానన్న మాట అప్పటికే చివరికి జరిగింది. మా పనిలో పొరలో పాటుపడేవాడికి పొరపాటు తప్పదని నేనో సభలో అంటే చప్పట్లు కొట్టారు.

రెండు నెలల్లో రేవు పైకి వచ్చింది. పైకి అంటే తెర మీదకి. సున్నంతో కట్టిన గట్టు, ఓడల్ని కట్టేసిన గుంజల గుంటలు, మట్టిజాడీలు వరసగా నిలబెట్టిన గుండ్రని అచ్చులు. మనుషుల అడుగులు కూడా. మూటలు మోసినవాళ్ళవి వట్టికాళ్ళు, వేళ్ళు బురదలోకి బాగా దిగబడినవి. వాటి మధ్య మేకులు కొట్టిన రోము చెప్పుల అచ్చులు. ఒకచోట ఒకడు జారి పిర్రల మీద పడ్డాడు. చుట్టూ నాలుగు జతల వట్టికాళ్ళు ఆగి ఉన్నాయి. నవ్వి ఉంటారు. నేను తెర ముందు కూర్చుని గట్టిగా నవ్వాను, రెండు వేల ఏళ్ళు ఆలస్యంగా.

గట్టుకి మెట్లు మాత్రం దొరకలేదు. లెక్క ప్రకారం అవి ఆ మూడు గడుల కిందే ఉండాలి.

శనివారం పొద్దున ఫోను వచ్చింది. ఢిల్లీ నుంచి పెద్దలు, ఇటలీ నుంచి ఇద్దరు నిపుణులు సోమవారం వస్తున్నారని. నివేదిక సిద్ధం కాకముందే వేదిక సిద్ధమైపోయింది. ఉప్పెన పొర చదివి, తర్వాత మెట్లు చదివితే మంగళవారం అవుతుంది. తుడిచేస్తే ఆదివారానికే మెట్లు తెర మీద ఉంటాయి. రెండింటికీ తేడా రెండు రోజులు. గడికి నాలుగు గంటలు ఇవ్వడానికి నాకు గడియ తీరిక లేకపోయింది.

“సార్, ఇవి సామ్రాజ్యమ్మ గారి గడులు,” అంది నస్రీన్. మంచం నాలుగు మూలలా నిలబడ్డ నలుగురూ నా వంక చూశారు.

“ముందు రోమన్ సామ్రాజ్యం. తర్వాతే నాగిడి సామ్రాజ్యం,” అన్నాను.

నలుగురూ పగలబడి నవ్వారు. ఎండలో పనిచేసేవాళ్ళకి నవ్వు అంటే చల్లటి మంచినీళ్ళు. నస్రీన్ నవ్వలేదు. మీట మీద నుంచి చెయ్యి తీసేసింది.

నేనే నొక్కాను. మూడు గడులకీ కలిపి అరగంట పట్టింది. అడుగున ఉన్నవాళ్ళ అడుగులు చూసే తొందరలో, ఆవిడ అడిగింది ఒక్కటీ చెరిపేశాను.

మెట్లు దొరికాయి. పదకొండు మెట్లు, సముద్రంలోకి దిగుతూ. ఆ మెట్ల పక్క బురదలో, ఏ చెప్పులూ తొక్కని చోట, ఒక ఆడమనిషి అడుగులు. పక్కనే బిడ్డ అడుగులు, మూడు నాలుగేళ్ళ బిడ్డవి. ఓడ వైపు వెళ్ళాయి. తిరిగి వచ్చిన అచ్చులు లేవు. రెండో శతాబ్దం. సోమవారం వచ్చిన పెద్దలు దాని ముందే ఎక్కువసేపు నిలబడ్డారు. ఇటలీ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. శాలువా నాకు కప్పారు.

వాళ్ళ కార్లు కట్ట దాటాయో లేదో, సామ్రాజ్యం వచ్చింది. తలస్నానం చేసింది. ఉతికిన చీర కట్టుకుంది. జాకెట్టుకి పిన్నీసు లేదు.

“పిన్నీసు తీసేసే వచ్చాను సారూ. మీ మంచం అలుగుద్దిగా.” కుర్చీ ఇస్తే కూర్చోలేదు. “సూశారా మరి?”

నిజం చెప్పడానికే నోరు తెరిచాననుకోండి. అనుకోకపోయినా మీ తప్పు లేదు, ఆ మాట నేనూ నమ్మను. శాలువా ఇంకా భుజం మీదే ఉంది. తెర మీద ఆ పటమూ అలాగే ఉంది. నేను చెయ్యి చాపి, పటం అడుగున తేదీ ఉన్న పట్టీని బొటనవేలితో కప్పాను.

“ఇదిగో అక్కా.”

ఆమె దగ్గరికి వచ్చింది. పెద్ద పాదం అచ్చు మీద, తర్వాత చిన్న పాదం అచ్చు మీద వేలు పెట్టింది. తాకితే నొప్పి పుడుతుందేమో అన్నట్టు పెట్టింది.

“బుల్లోడి కాలు ఇంతే ఉండేది,” అంది. “పక్కపక్కనే ఉన్నయ్ గదా?”

“పక్కపక్కనే.”

“అయితే అమ్మకి దొరికాడు.”

“దొరికాడక్కా.”

అబద్ధం ఆడితే ఆడాను, ఆ ‘అక్కా’ అనకుండా ఉండాల్సింది.

ఆమె అక్కడే నేల మీద కూలబడింది. ఏడుపు మొదట చప్పుడు లేకుండా వచ్చింది. తర్వాత చప్పుడుతో వచ్చింది. నస్రీన్ షామియానా బయటికి వెళ్ళి, అటు తిరిగి నిలబడింది.

మర్నాడు సామ్రాజ్యం తన మేనత్తని రిక్షాలో తీసుకొచ్చింది. పేరు పేరంటాలు. ఎనభై ఏడేళ్ళు. ‘దాని చేత్తో నీళ్ళు కూడా ముట్టను’ అని ఉప్పెన వచ్చిన ఏడాది అన్న మాట, యాభై ఎనిమిదేళ్ళు నిలబెట్టుకున్న మనిషి. ఉప్పెన తర్వాత కట్టిన ఒకే కాలనీలో నాలుగిళ్ళ అవతల ఉంటూ, మేనకోడలి గుమ్మం తొక్కలేదు. తెర ముందు ముక్కు ఆనేంతగా వంగి చూసింది.

“మా వొదినే,” అంది. “ఆ మడమ నొక్కి నడవటం సూడు. మా వొదిన నడకే అది. ఒసే సామ్రాజ్యం, వాడు దానికాడే ఉన్నాడే!”

రోముకి పోయిన ఓడ ఎక్కిన ఎవరో తల్లి నడకలో తన వదినని గుర్తుపట్టింది పేరంటాలు. ఆ రోజు మధ్యాహ్నం మేనకోడలి ఇంట్లో అన్నం తింది. మర్నాడూ తింది. నన్నూ పిలిచారు. కొర్రమీను పులుసు. తల వంచుకుని తిన్నాను. “అదేంది సారూ, జోకులెయ్యటంలా? కూర బాగలేదా?” అంది సామ్రాజ్యం. బాగుందన్నాను. అది మాత్రం నిజం.

వారం తిరిగేసరికి షామియానా ముందు కాలనీ మనుషులు నిలబడ్డారు. కోలాహలం లేదు. రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు వరసగా నిలబడ్డారు. ముందున్నాయన ఒక కాగితం ఇచ్చాడు. ముప్పై ఎనిమిది ఇళ్ళవాళ్ళు, ఉప్పెనలో పోయినవాళ్ళ పేర్లూ, అప్పటి ఇల్లు ఎక్కడ ఉండేదో గుర్తులూ రాసుకొచ్చారు. రావిపాటోళ్ళ దిబ్బకి ఉత్తరాన. చర్చి వెనక. మంచినీళ్ళ బావికి ఇవతల. ప్రతి గుర్తూ నా గడుల్లో ఉంది. అన్ని గడులూ మొదటి నెలలోనే తుడిచేశాం. మాట ఇచ్చిన మూడు గడుల గురించే నేనింతవరకూ కుమిలిపోయాను. ఎవరికీ మాట ఇవ్వని గడుల కింద కూడా ఒక ఊరు ఉందని నాకు తట్టనే లేదు.

చూస్తామని చెప్పి పంపాను. చూస్తామని!

నస్రీన్ కాగితం అంతా చదివింది. మడిచి నా చేతిలో పెట్టింది.

“మన దగ్గర ఇంకెన్ని జతల రోము కాలం పాదాలున్నాయి సార్?” అంది. “ఎవరికి ఏ జత ఇద్దామో చెప్పండి. నేను తేదీలు కప్పుతాను.”

నేనేదో అనబోయాను. ఆ అమ్మాయి చెయ్యెత్తి ఆపింది. “వద్దు సార్. నవ్వొస్తుందేమోనని భయంగా ఉంది.”

నేను సామ్రాజ్యం ఇంటికి వెళ్ళేసరికి ఆమె వాకిట్లో చేప తోముతోంది. పేరంటాలు వసారాలో పీట మీద కూర్చుని అన్నం తింటోంది. నన్ను చూసి, “రా నాయనా, నీకూ పెడతది,” అంది.

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ఉప్పెన మట్టి చదవలేదని. చదవకుండా తుడిచానని. తను చూసిన పాదాలు పంతొమ్మిది వందల ఏళ్ళ కిందటివని. ఎక్కడా ఒక్క చమత్కారం దొర్లలేదు. అలవాటున్న నోరు మధ్యలో రెండుసార్లు వెతుక్కుంది.

సామ్రాజ్యం చేపని కత్తిపీట పక్కన పెట్టింది.

“అయితే ఆళ్ళెవరు?” అంది.

“తెలీదు. ఎవరో తల్లీ బిడ్డా. ఓడ వైపు వెళ్ళారు.”

“తిరిగొచ్చారా?”

“వచ్చిన అచ్చులు లేవు.”

“ఆళ్ళకి కూడా ఎవరో ఎదురుసూసుంటారు,” అంది. తిట్టలేదు. తిడుతుందని సిద్ధపడి వెళ్ళినవాడికి అది ఎంత దెబ్బో! “ఇంక నావి ఎప్పటికీ తెలవ్వా?”

“తెలవ్వు.”

“నువ్వు అప్పుడే సెప్పుంటే, తెల్వదనుకుని ఉండేదాన్ని. తెల్వకపోటం నాకు అలవాటే సారూ. ఇప్పుడు దొరికాడనుకున్నాక మళ్ళీ పోగొట్టావు. రెండు తడవలు పోయాడు వాడు.”

“నీకు ఇష్టమైతే,” నేను నేల చూస్తూ అన్నాను, “పెద్దావిడకి చెప్పక్కర్లేదు.” అది జాలి కాదు. నా కోసం వెతుక్కున్న ఇంకో సందు.

సామ్రాజ్యం నా వంక చూసిన చూపు ఇక్కడ రాయను. లేచి చేతులు కడుక్కుంది. వసారాలోకి వెళ్ళి మేనత్త చెవి దగ్గర గట్టిగా చెప్పింది: “అత్తా, అది అమ్మ కాదంట. ఎవరో పాతకాలపోళ్ళంట. సారు అబద్ధం సెప్పాడంట.”

పేరంటాలు చేతిలో ముద్ద ఆగింది. “అయితే వాడు...” అంది. ముద్దని తిరిగి కంచంలో పెట్టింది. చెయ్యి కడుక్కుంది. కర్ర అందుకుని, ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగింది. నాలుగిళ్ళ దూరం నడవడానికి ఎంత సేపు పట్టిందో, మేమిద్దరం అంతసేపూ చూశాం. తన గుమ్మంలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

“ఎనిమిది రోజులు తింది,” అంది సామ్రాజ్యం. కంచం తీసి చూరు కింద పెట్టింది. పైట బిగించి నా ముందుకొచ్చి నిలబడింది. “ఆ కాయితం నీకాడే ఉందా?”

“ఉంది.”

“పద.”

“ఎక్కడికి?”

“ముప్పై ఎనిమిది గుమ్మాలు. నాకు సెప్పినట్టే సెప్పాల. ఆళ్ళని నీకాడికి పిలిపించుకోవటం కాదు. నువ్వే పోయి సెప్పాల. నేను పక్కనుంటా. ఒక్క గుమ్మంలో అబద్ధం ఆడినా నేనే అరుస్తా.”

మొదటి ఇల్లు కాగితం ఇచ్చినాయనది. పేరు తిరుమాని సింగరాజు. నన్ను చూడగానే కండువా దులిపి కుర్చీ వేశాడు. లోపలికి వెళ్ళి గోడ మీద పటం తీసుకొచ్చాడు. పెళ్ళిలో తీసిన పాత ఫోటో, తడిసి ఆరిన మరకలున్నది. “ఈయనేనండి మా నాన్న. చర్చి వెనకండి మా ఇల్లు. ఏ రోజు రమ్మంటారండి?”

నేను సామ్రాజ్యం వంక చూశాను. ఆమె నా వంక చూడలేదు. గుమ్మానికి ఆనుకుని రోడ్డు వంక చూస్తోంది.

“మీ నాన్నగారి అడుగులు లేవండి,” అన్నాను. “నేనే తుడిచేశాను.”

ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. యంత్రం గురించి, పొర గురించి, తుడుపు గురించి. పటాన్ని ఒళ్ళో పెట్టుకుని, అంతా శ్రద్ధగా విన్నాడు.

“ఎందుకండీ?” అన్నాడు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

ఆ చివరి మూడు గడుల కారణమే నా నోట్లో ఉంది. మిగతావాటికి ఆ కారణం కూడా లేదు. ఉన్నదే చెప్పాను. “చెత్త అనుకున్నామండి. ఆ తర్వాత, సోమవారం ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారని తొందరపడ్డాం.”

“ఆ సోమవారమా?” ఆయన తల ఊపాడు. పటం అద్దాన్ని కండువాతో తుడిచాడు, తుడిచినచోటే మళ్ళీ తుడిచాడు. “ఆ సోమవారం మీకు కొబ్బరిబొండాలు పంపింది మేమేనండి. నలభై. మా నాన్న పేర ఇచ్చామండి, రూపాయి కూడా పుచ్చుకోలేదండి.”

కుర్చీలోంచి లేవడం నాకు చేతకాలేదు. సామ్రాజ్యం వచ్చి రెక్క పట్టుకుని లేపింది.

“పద,” అంది. “పక్కిల్లు.”